కొంచెం వేడి చేస్తుందంతే

మన ఇళ్ళల్లో మందు పడకపోతే దానికి ఒకటే మాట ఉంటుంది. "వేడి చేసింది." నోట్లో పుండ్లు వచ్చినా వేడే, యూరిన్ మంటగా ఉన్నా వేడే, నిద్ర పట్టకపోయినా, కళ్ళు మండినా వేడే. విరుగుడు కూడా దాదాపు ఒకటే. మజ్జిగ, లేకపోతే సబ్జా గింజల నీళ్ళు, మరీ ఎక్కువైతే కొబ్బరి బోండాం. సైడ్ ఎఫెక్ట్ అనే మాటకి పేపర్లో "దుష్ప్రభావం" అని రాస్తారు. మా ఇంట్లో అయితే ఆ మాట ఎవరి నోటా నేను వినలేదు.

ఈ వ్యాసం ఆ "వేడి" గురించే. ఆ మాట ఒక లీగల్ నోటీసులోకి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసిన కేసులోకి ఎలా వెళ్ళిందో చెప్తాను. మా పిన్ని ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆవిడ పేరు, ఊరి పేరు, డాక్టర్ పేరు, హాస్పిటల్ పేరు ఏవీ రాయను. కేసు ఇంకా నడుస్తోంది. పైగా ఆ జబ్బు పేరు వింటే ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు ఉన్నారు.

పిన్ని వాళ్ళది పల్నాడు వైపు ఒక చిన్న టౌన్. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, చీరలకి ఫాల్, పీకో చేస్తుంది. వాళ్ళ వీధిలో ఆవిడకి పేరు వచ్చింది కుట్టు వల్ల కంటే రంగు వల్ల. నెమలికంఠం రంగు చీర చూసి వచ్చి, చీర పట్టుకెళ్ళకుండానే మ్యాచింగ్ సెంటర్‌లో సరిగ్గా ఆ రంగు లైనింగ్, ఆ రంగు దారం రీలు తెచ్చేది. ఉల్లిపొట్టు రంగు, వంగపండు రంగు, రాణీ కలర్, చిలకాకుపచ్చ, ఇవన్నీ నాకు ఆవిడ దగ్గరే తెలిశాయి. స్కూల్లో మాకు నేర్పినవి వైలెట్, ఇండిగో, బ్లూ మాత్రమే.

2023 జూన్‌లో ఆవిడకి మెడ పక్కన గడ్డ వచ్చింది. సూదితో తీసి టెస్ట్ చేస్తే టీబీ అన్నారు. టీబీ అంటే మనకి దగ్గు, రక్తం, పాత సినిమాల్లో హీరోయిన్ గుర్తొస్తాయి కానీ, లింఫ్ గ్రంథుల్లో వచ్చే టీబీ పక్కవాళ్ళకి అంటుకునేది కాదు. ఆ సంగతి చెప్పినా ఎవరూ వినే పరిస్థితిలో లేరు. "బయటికి పొక్కకూడదు" అన్నదే ఇంట్లో మొదటి నిర్ణయం. మా చెల్లికి, అంటే పిన్ని కూతురికి, అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. గవర్నమెంట్ హాస్పిటల్‌లో టీబీ మందులు ఫ్రీ. కానీ అక్కడ తెలిసినవాళ్ళు కనిపిస్తారని బాబాయి ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. డబ్బు కట్టారు, మందులు మెడికల్ షాపులో కొన్నారు, బిల్లులు వచ్చాయి. ఆ బిల్లులకి ఎంత విలువ ఉందో తర్వాత తెలిసింది.

మొదటి రోజు డాక్టర్ గారు ఒక జాగ్రత్త చెప్పారు. "యూరిన్ ఎర్రగా వస్తుంది, భయపడొద్దు." అది నిజమే. రిఫాంపిసిన్ అనే మందు వల్ల అలా వస్తుంది, దానివల్ల నష్టం ఏమీ లేదు. అదే మందుల్లో ఇథాంబ్యుటాల్ అని ఇంకొకటి ఉంటుంది. అది కొంతమందిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. అందరికీ జరగదు, మోతాదు ఎక్కువైనా, కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోయినా అవకాశం పెరుగుతుంది. చాలాసార్లు ముందు పోయేది ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా. వెంటనే పట్టుకుని ఆ ఒక్క మందు ఆపేస్తే చాలామందికి చూపు కొంతైనా తిరిగి వస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఈ విషయం దశాబ్దాలుగా డాక్టర్లకి తెలుసు, పుస్తకాల్లో ఉంది. అంటే ఏ హానీ లేని ఎరుపు గురించి పిన్నికి చెప్పారు, చూపు పోతే మొదట పోయే ఎరుపు గురించి చెప్పలేదు.

నాలుగో నెలలో ఒక కస్టమర్ బ్లౌజ్ వెనక్కి తెచ్చింది. మెరూన్ అంచుకి ఆకుపచ్చ దారంతో హెమ్మింగ్ చేసి ఉంది. "ఏంటక్కా, కొత్త ఫ్యాషనా?" అని నవ్వింది. పిన్ని కూడా నవ్వేసింది. తర్వాత పచ్చడికి పండుమిర్చి ఏరమంటే పచ్చివి కూడా కలిపేసింది. తర్వాత సూదిలో దారం ఎక్కించడానికి చెల్లిని పిలవడం మొదలుపెట్టింది. 2023 అక్టోబర్‌లో చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్ గారికి చెప్పింది. కళ్ళు మసకగా ఉంటున్నాయి, రంగులు తెలియట్లేదు అని. ఆయన అన్న మాట ఆవిడకి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మందులు కదమ్మా, కొంచెం వేడి చేస్తుందంతే. మజ్జిగ ఎక్కువ తాగు. కోర్సు మాత్రం మధ్యలో ఆపకూడదు."

పిన్ని ఆపలేదు. ఒక్క పూట కూడా మానలేదు.

నవంబర్ చివర్లో వేరే ఊళ్ళో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన రంగు చుక్కల్లో అంకెలు దాగి ఉండే పుస్తకం ముందు పెట్టారు. పిన్నికి ఒకటో రెండో పేజీలు తప్ప ఏ అంకే కనిపించలేదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "టీబీ మందులు వాడుతున్నారా?" ఎవరికీ చెప్పని జబ్బు ఆయనకి కళ్ళలో కనిపించిందని పిన్ని భయపడిపోయింది. ఆ రోజే ఇథాంబ్యుటాల్ ఆపించారు, టీబీ డాక్టర్‌కి లెటర్ రాసి ఇచ్చారు. మిగతా మందులతో కోర్సు పూర్తయింది. టీబీ పూర్తిగా నయమైంది. ఇది కూడా చెప్పాలి, ఎందుకంటే జబ్బు నయం చేసిందీ ఆ డాక్టరే.

చూపు ఆరేడు నెలల్లో కొంత తిరిగొచ్చింది. మనుషుల్ని గుర్తుపడుతుంది, టీవీ దగ్గరగా కూర్చుని చూస్తుంది. రంగులు రాలేదు. సన్న కుట్టు పని రాదు.

ఈ కథలో నా పాత్ర చాలా చిన్నది. "నువ్వు ఇంగ్లీష్ మీడియం కదరా చిన్నా, ఇందులో ఏం రాశారో చదివి చెప్పు" అని 2025 సంక్రాంతికి పిన్ని ఒక ప్లాస్టిక్ కవర్ నా చేతిలో పెట్టింది. అందులో ప్రిస్క్రిప్షన్లు, బిల్లులు, కంటి డాక్టర్ లెటర్ అన్నీ ఉన్నాయి. అక్టోబర్ చీటీలో పైన పొట్టి అక్షరాలు: సీ బై ఓ, బీఓవీ. కింద ఒక బీ కాంప్లెక్స్ మాత్ర. దాని కింద ఇంకో మూడు అక్షరాలు: సీఎస్‌టీ. ఇంగ్లీష్ మీడియం ఇక్కడ పనికిరాలేదు. మెడిసిన్ చదువుతున్న నా ఫ్రెండ్‌కి ఫొటో పంపితే ఒక్క నిమిషంలో చెప్పాడు. మొదటిదానికి అర్థం "చూపు మసకబారుతోందని పేషెంట్ చెప్పింది". రెండోదానికి అర్థం "ఇదే ట్రీట్‌మెంట్ కొనసాగించండి".

అంటే పిన్ని చెప్పింది, ఆయన విన్నారు, రాసుకున్నారు కూడా. రాసుకుని అదే మందు కొనసాగించారు.

ఇక లాయర్ కోసం వెతకడం. నేను ముందు గూగుల్‌లో "డ్రగ్ కేస్ లాయర్" అని కొట్టాను. గంజాయి, బెయిల్, మత్తుపదార్థాల చట్టం, అన్నీ అవే వచ్చాయి. "మెడిసిన్ సైడ్ ఎఫెక్ట్స్ లాయర్" అని మారిస్తే అమెరికా మొత్తం వచ్చి పడింది. మీకు గాని మీ కుటుంబంలో ఎవరికి గాని ఫలానా మందు వాడి నష్టం జరిగిందా, ఇప్పుడే ఫోన్ చేయండి, గెలిస్తేనే ఫీజు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్యని అడిగితే, "ఇక్కడ హైవే పక్కన బోర్డులు సగం లాయర్లవేరా. వచ్చినదాంట్లో మూడోవంతు దాకా వాళ్ళే తీసుకుంటారు" అన్నాడు.

రెండు రాత్రులు ఆ అమెరికా కేసులే చదివాను. వయాక్స్ అనే నొప్పి మాత్ర వల్ల గుండెపోటు ప్రమాదం పెరుగుతోందని తేలి, 2004లో మెర్క్ కంపెనీ దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. 2007లో వేలాది కేసుల్ని సెటిల్ చేసుకోవడానికి 485 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది. నాకు అంతకంటే గుర్తుండిపోయింది డయానా లెవిన్ అనే సంగీత కళాకారిణి కేసు. వెర్మాంట్ రాష్ట్రం ఆమెది. 2000లో మైగ్రేన్‌తో, వాంతులతో క్లినిక్‌కి వెళ్తే ఫెనర్గన్ ఇంజెక్షన్ నేరుగా రక్తనాళంలోకి ఇచ్చారు. అది ధమనిలోకి చేరి చెయ్యి కుళ్ళిపోయింది, మోచేతి కింది వరకు తీసేయాల్సి వచ్చింది. ఆమె వాయిద్యాలు వాయించి బతికే మనిషి. క్లినిక్‌తో సెటిల్ అయ్యాక మందు కంపెనీ వైత్ మీద కేసు వేసింది. ఆ పద్ధతిలో ఇవ్వడం ఎంత ప్రమాదమో మీ లేబుల్ మీద సరిగ్గా హెచ్చరించలేదు అన్నది వాదన. 2009లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. పరిహారం సుమారు 67 లక్షల డాలర్లు.

వాయించే చెయ్యి పోయిన ఆమె, రంగు చూసే కన్ను పోయిన పిన్ని. నాకు ఇద్దరూ ఒకటే అనిపించి, మనం కూడా కంపెనీ మీదే వేద్దాం అని ఫిక్స్ అయిపోయాను.

మన దగ్గర లాయర్ దొరకడం అంత తేలిక కాదు. బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం ఇక్కడ లాయర్లు యాడ్స్ ఇవ్వకూడదు. అందుకే లా ఫర్మ్ వెబ్‌సైట్ తెరవగానే "నా అంతట నేనే వచ్చాను, వీళ్ళు నన్ను పిలవలేదు" అనే అర్థంలో ఒక బాక్స్ వచ్చి ఒప్పుకోమంటుంది. గెలిస్తే వాటా అని ఫీజు మాట్లాడుకోవడం కూడా నిషేధం. "పర్సనల్ ఇంజురీ లాయర్" అని బోర్డు మా జిల్లాలో నేను ఎక్కడా చూడలేదు. చివరికి బాబాయి స్నేహితుడు ఒక లాయర్ మేడం దగ్గరికి పంపించాడు. ఆవిడ ఎక్కువగా చేసేది మోటార్ యాక్సిడెంట్ క్లెయిములు. నాకు నిరాశగా అనిపించింది. మందుల కేసుకి లారీ యాక్సిడెంట్ల లాయర్ ఎందుకు అని.

మేడం గారు కవర్‌లో కాగితాలన్నీ తేదీల వారీగా టేబుల్ మీద పరిచారు. నా వయాక్స్, నా లెవిన్, అన్నీ ఓపిగ్గా విన్నారు. తర్వాత అడిగారు.

"బాబూ, కంపెనీ డాక్టర్లకి ఇచ్చే కాగితంలో ఈ కంటి సంగతి ఉందా, లేదా?"

"ఉంది మేడం."

"మరి కంపెనీ తప్పేముంది?"

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తిదారుడి బాధ్యత గురించి ఒక అధ్యాయమే ఉంది. వస్తువులో లోపం ఉన్నా, సరైన హెచ్చరిక లేకపోయినా తయారీదారు మీద కేసు వేయొచ్చు. అయితే 87వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే వాడాల్సిన వస్తువైతే, ఆ నిపుణుడికి హెచ్చరిక అందేలా కంపెనీ తగిన ఏర్పాట్లు చేస్తే, హెచ్చరిక చాల్లేదన్న కారణంతో కంపెనీని పట్టుకోలేం. లెవిన్ కేసులో లేబుల్ దగ్గరే లోపం ఉంది. మా కేసులో హెచ్చరిక కంపెనీ నుంచి బయల్దేరింది, ఇంగ్లీషులో డాక్టర్ దాకా వచ్చింది, అక్కడి నుంచి పిన్ని దాకా వచ్చేసరికి "వేడి" అయిపోయింది. కోడ్ రన్ అవుతోంది కదా అని కంపైలర్ వార్నింగ్‌ని మనం పట్టించుకోకుండా వదిలేస్తాం చూడండి, అలా.

"సైడ్ ఎఫెక్ట్ వచ్చినంత మాత్రాన కేసు కాదమ్మా" అని పిన్నితో చెప్పారు మేడం. "మందన్నాక ఏదో ఒకటి ఉంటుంది. ముందు చెప్పాల్సింది చెప్పారా, మీరు చెప్పాక చేయాల్సింది చేశారా, అంతే కమిషన్ చూసేది. మీ కేసంతా ఈ అక్టోబర్ చీటీయే. దీన్ని లామినేషన్ చేయించొద్దు, మడత కూడా పెట్టొద్దు."

ఆ గంటలో మేడం దగ్గర నేర్చుకున్నది మా సెమిస్టర్ సబ్జెక్టుల కంటే ఎక్కువే. డాక్టర్ల సేవ కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో చెప్పింది. అయితే అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోట అది వర్తించదు. అందుకే మా బిల్లులకి అంత విలువ. పేషెంట్‌కి తగిన సమాచారం ఇచ్చాకే తీసుకున్న ఒప్పుకోలు అసలైన ఒప్పుకోలు అని 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. అది ఆపరేషన్ గురించిన కేసైనా మా వాదనకి పనికొస్తుంది అన్నారు. నష్టం జరిగిన రెండేళ్ళ లోపు కేసు వేయాలి. అంటే మాకు 2025 అక్టోబర్ దాకానే టైం. వైద్యానికి కట్టిన డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫైలింగ్ ఫీజు లేదు. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. లాయర్ లేకుండా సొంతంగా కూడా వాదించుకోవచ్చు. "కానీ మెడికల్ కేసు సొంతంగా వద్దు" అన్నారు నవ్వుతూ. ఆవిడ ఫీజు 25 వేలు, రెండు విడతల్లో.

లారీ యాక్సిడెంట్ల లాయర్ ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. జీతం స్లిప్పు లేని మనిషి సంపాదన లెక్కకట్టడం ఆవిడ రోజూ చేసే పని. "మీ కొలతల పుస్తకాలు ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. పిన్ని దగ్గర ఆరేళ్ళ పుస్తకాలున్నాయి. పేరు, ఛాతీ, నడుము, చేతి పొడవు, ఇవ్వాల్సిన తేదీ, అడ్వాన్స్. 2022లో నెలకి 60, 70 బ్లౌజులు. 2024లో కొన్ని నెలలు ఖాళీ పేజీలు, మిగతా నెలల్లో ఫాల్స్, చెల్లి దారం ఎక్కించి ఇచ్చినవి. ఆ పుస్తకాలు ఇప్పుడు కేసులో సాక్ష్యం.

డబ్బు ఎంత వస్తుంది అని బాబాయి అడిగాడు. మేడం రెండు కేసులు చెప్పారు. ఒకటి కోల్‌కతాది. అమెరికా నుంచి సెలవులకి వచ్చిన అనూరాధా సాహా అనే ఆవిడకి 1998లో ఒంటిమీద దద్దుర్లు వస్తే, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వాల్సిన పద్ధతికి మించి ఇచ్చారు. ఆవిడ చనిపోయింది. భర్త కునాల్ సాహా స్వయంగా డాక్టర్. 2013లో సుప్రీంకోర్టు సుమారు 6 కోట్ల రూపాయలు, వడ్డీ అదనంగా ఇప్పించింది. 15 ఏళ్ళు పట్టింది. రెండోది మన హైదరాబాద్‌ది. వి. కిషన్‌రావు గారు మలేరియా విభాగంలో ఉద్యోగి. ఆయన భార్యకి మలేరియా అయితే టైఫాయిడ్‌కి మందులిచ్చారు. 2002లో ఆవిడ చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షలు ఇమ్మంటే, పై కమిషన్లు నిపుణుడి సాక్ష్యం లేదని కొట్టేశాయి. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ప్రతి వైద్య నిర్లక్ష్యం కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో కోర్టు తేల్చి, ఆ 2 లక్షల తీర్పునే నిలబెట్టింది.

ఒకరికి 6 కోట్లు, ఒకరికి 2 లక్షలు. కోర్టు లెక్కలో సంపాదన పెద్ద భాగం కాబట్టి ఒకే రకం నష్టానికి ఇంత తేడా వస్తుంది. కానీ ఈ రోజు మా మేడం నిపుణుడి కోసం వెతుక్కోకుండా చీటీ మీద ధైర్యంగా నిలబడగలుగుతున్నది ఆ 2 లక్షల కేసు వల్లే. కిషన్‌రావు గారు ఎనిమిదేళ్ళు పోరాడింది తన ఒక్కడి కోసమే అయినా, మాలాంటి వాళ్ళందరికీ దారి పడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పిన్ని అసలు భయం చెప్పింది. "కేసు వేస్తే కాగితాల మీద టీబీ అని రాయాలి కదరా. తీర్పులో నా పేరుంటుంది. రేపు పిల్లని చూసుకోవడానికి వచ్చినోళ్ళు ఫోన్‌లో చూసుకోరా?" దీనికి నా దగ్గర సమాధానం లేదు. నాకు తెలిసిందల్లా వాళ్ళు చూసుకుంటారనే.

చెల్లే మాట్లాడింది. డిగ్రీ ఫైనలియర్ తను, ఇంట్లో గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "రెండేళ్ళ నుంచి సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నా అమ్మా. ఎందుకు ఎక్కిస్తున్నానో ఎవరికీ చెప్పకూడదంటే నా వల్ల కావట్లేదు. నయమైపోయిన రోగం చూసి వెళ్ళిపోయే సంబంధమైతే పోనీ." బాబాయి లేచి బయటికి వెళ్ళిపోయాడు. పావుగంట తర్వాత వచ్చి, "ఆ మేడానికి ఫోన్ చెయ్యి" అన్నాడు నాతో.

నోటీసు డ్రాఫ్ట్ ఇంగ్లీషులో వచ్చింది. చదివి పిన్నికి తెలుగులో చెప్పడం నా పని. డాక్టర్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. "మందుల వల్ల శరీరంలో ఉష్ణం పెరుగుతుందని చెప్పారు" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఉంది. అది చదివితే జ్వరం గురించి చెప్పినట్టుంది. మేడం గారికి ఫోన్ చేసి, ఆ మాటని తెలుగులోనే ఉంచండి మేడం అన్నాను. వేడి చేస్తుంది అంటే మన దగ్గర అర్థం "ఇది మామూలే, పట్టించుకోకు" అని. ప్రమాదం ఉందని చెప్పే మాట కాదది, ప్రమాదం లేదని చెప్పే మాట. ఆవిడ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ఇప్పుడు నోటీసులో ఆ వాక్యం తెలుగు అక్షరాల్లోనే ఉంది, కింద దాని అర్థం ఇంగ్లీషులో ఉంది.

2025 మార్చిలో నోటీసు వెళ్ళింది. నెల తర్వాత హాస్పిటల్ తరఫున రిప్లై వచ్చింది. మందుల దుష్ప్రభావాల గురించి పేషెంట్‌కి ఆమె మాతృభాషలో స్పష్టంగా వివరించాం అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. మేడం మాత్రం సంతోషించారు. "మాతృభాషలో చెప్పామన్నారు కదా, మంచిది. ఏ మాటల్లో చెప్పారో కమిషన్ ముందు అడుగుదాం. అక్టోబర్ చీటీలో చూపు మసక అని ఆయన చేత్తోనే రాసి ఉంది. దాని పక్కన ఏ వివరణ ఉందో చూపించమందాం."

జులైలో ఇ-జాగృతి పోర్టల్‌లో కేసు ఫైల్ చేశాం. స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం నా బాధ్యత. కొలతల పుస్తకాలు స్కాన్ చేస్తుంటే మా అమ్మ కొలతలు కూడా దొరికాయి. ఇప్పటికి రెండు వాయిదాలు అయ్యాయి. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంటుంది. మేడం ఏళ్ళలో లెక్క చెప్తున్నారు.

ఇది చదివి డాక్టర్లందరూ ఇంతే అనుకోకండి. రోజుకి వంద మందిని చూసే మనిషి మూడు అక్షరాలు రాసి తర్వాతి పేషెంట్‌ని పిలుస్తాడు. ఆ తొందర నాకు అర్థమవుతుంది. కానీ ఆ తొందరకి ఖరీదు ఎవరో ఒకరు కట్టాల్సి వచ్చినప్పుడు, అది ప్రతిసారీ పేషెంటే కట్టాలా అన్నదే ప్రశ్న. లాయర్ అనే మనిషి ఉన్నది ఆ ప్రశ్నని అడగాల్సిన చోట, అడగాల్సిన భాషలో అడగడానికి.

మనలో చాలామందిమి మన ఇంట్లో ఇంగ్లీష్ చదివే మొదటి మనుషులం. ఇంట్లో ఎవరైనా పెద్ద కోర్సు మందులు మొదలుపెడితే ఆ చీటీ ఒకసారి మనం చదువుదాం. "వీటిలో ఏది కనిపిస్తే మేము వెంటనే పరిగెత్తుకుని రావాలి?" అని డాక్టర్‌ని అడుగుదాం. మంచి డాక్టర్ విసుక్కోడు. చీటీలు, బిల్లులు, ఖాళీ అయిన మందు షీట్లు పారేయొద్దు. మెడికల్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. ఏ మందు వల్లైనా చెడు జరిగితే, కేసు వేసినా వేయకపోయినా, 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు. అది ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే నిఘా కార్యక్రమం నంబర్. డబ్బేమీ రాదు, లెక్కలోకి వస్తుంది. పేషెంట్లు రాయడానికి తెలుగులో కూడా ఫారం ఉంది. అది నింపేటప్పుడు దయచేసి "వేడి చేసింది" అని మాత్రం రాయకండి. ఏం జరిగిందో రాయండి.

మొన్న వాయిదాకి ముందు పిన్నిని అడిగాను, ఎంత వస్తే నీకు న్యాయం జరిగినట్టు అని. "డబ్బు వస్తే మీ చెల్లి పెళ్ళికి వాడతాను, వద్దనను" అంది. కాసేపాగి, "ఆయన నన్ను చూసి చెప్పాలిరా, నేను చెప్పింది విన్నానని" అంది.